ఫిల్మ్‌నగర్ పుట్టకముందే ‘ఎలివేషన్’

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఆఫీసుల్లో కథా చర్చ జరిగితే ‘ఎలివేషన్’ అనే మాట రాక తప్పదు. హీరో ఇంకా తెర మీదికి రాడు. అతను దిగితే ఏమవుతుందో ఇంకొకరు చెబుతారు, హాలు ఊగిపోతుంది. ఇదేదో యాక్షన్ సినిమాలు కనిపెట్టిన విద్య అనుకుంటే పొరపాటు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయములు’లో రాయబారం సీను చూసినవాళ్లకు ఇది పాత సంగతే.

కౌరవ సభలో కృష్ణుడు ఒంటరిగా నిలబడి ఉంటాడు. అర్జునుడు ఆ దరిదాపుల్లో లేడు. అయినా జెండా మీద హనుమంతుడు, ముందు తెల్లగుర్రాలు, రథం తోలే తాను, వెనక గాండీవం ఎక్కుపెట్టిన అర్జునుడు... అన్నీ ఒక్క పద్యంలో కళ్లకు కట్టిస్తాడు. జరగబోయేదాన్ని ఎదుట జరుగుతున్నట్టు చూపించడాన్ని ఆలంకారికులు భావికం అన్నారు. ఇక్కడ అసలు గడుసుతనం వాక్య నిర్మాణంలో ఉంది. పద్యమంతా ఒకే వాక్యం. మూడు పాదాలు దాటేదాకా రథం సాగుతూనే ఉంటుంది. ఆనాడు సంధి చేయమని నువ్వు మొత్తుకున్నా వినే నాథుడుండడన్న అసలు మాట చివర్లో గానీ రాదు. అందాకా దుర్యోధనుడూ, ప్రేక్షకుడూ ఊపిరి బిగబట్టాల్సిందే.

ఛందస్సు శార్దూల విక్రీడితం: పాదానికి పంతొమ్మిది అక్షరాలు, పదమూడో అక్షరం దగ్గర యతి. మొదటి మూడక్షరాలూ గురువులే కాబట్టి ఎత్తుగడే బరువుగా పడుతుంది. మైకు లేని కాలంలో చివరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా మాట చేరాలి. యతిప్రాసలు పండితుల ముచ్చటగా పేరుపడ్డాయి గానీ, నటుడికి అవి ఊపిరికీ జ్ఞాపకానికీ ఆసరా. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950) ఊరూరా అవధానాలు చేసిన జంట. సభలో ఏ మాట ఎక్కడ పేలుతుందో వాళ్లకు చెవులారా తెలుసు.

అదే నాటకంలో, కృష్ణుడు నిద్ర నటించి లేచే ఘట్టం ఇంకో తీరు. ముందు వచ్చినవాడు దుర్యోధనుడు, ముందు కంటబడినవాడు అర్జునుడు. తర్వాత దుర్యోధనుణ్ణి చుట్టరికంతో పలకరిస్తూ అన్నదమ్ములు, కొడుకులు, కర్ణుడు, భీష్ముడు, ద్రోణుడు, అందరి క్షేమమూ అడుగుతాడు. పైకి ఉత్త కుశలప్రశ్న. ఆ పేర్లన్నీ రేపు కురుక్షేత్రంలో కూలబోయేవాళ్లవని అడిగేవాడికీ తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. తెలియనిది దుర్యోధనుడొక్కడికే.

బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయము’లో కాటిసీను సంగతి మరీ విచిత్రం. ప్రదర్శనల్లో జనం కంటతడి పెట్టిన శ్మశాన పద్యాలు కొన్ని ఆ నాటకకర్తవి కావు, గుర్రం జాషువావి. ఒక సీసంలో పాదం తర్వాత పాదం ఒకే మాటతో మొదలై కవిని, రాజును వరసగా బూడిద చేస్తుంది. మళ్లీ మళ్లీ అదే మాట పడుతుంటే, వినేవాడు తర్వాతి చితి ఎవరిదోనని ఎదురుచూస్తాడు. నాటకకర్త రాయని పద్యాన్ని నటులు పాత్ర నోట పెట్టారు, జనం ఒప్పుకున్నారు. ఈ చొరవ పద్యనాటకానికి మేలే చేసింది. రాగాన్ని సాగదీసి, ‘వన్స్‌మోర్’ కేకల కోసం కథను ఆపేసిన అలవాటు గురించి మాత్రం అంత మంచిమాట చెప్పలేం.

సినిమాకు ఈ సరుకంతా దగ్గరి దారిలోనే అందింది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు ఆధారం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. అందులో లీలావతి సురభి కమలాబాయి. బలిజేపల్లి తానే మద్రాసు వెళ్లి ‘బాలనాగమ్మ’ (1942)కు మాటలు రాశారు. 1960లో ‘శ్రీకృష్ణ రాయబారం’ సినిమాగా వచ్చినప్పుడు కృష్ణుడు రంగస్థలం మీద పేరు మోసిన ఈలపాట రఘురామయ్యే.

1885లో కడప జిల్లాలో ‘కీచకవధ’తో మొదలైన సురభి సమాజం వారసులు ఇప్పుడు హైదరాబాదులోనే ఉన్నారు. ఎర్రగడ్డ నుంచి కూకట్‌పల్లి మీదుగా పడమటికి వెళితే శేరిలింగంపల్లి వస్తుంది. సురభి కుటుంబాలు స్థిరపడింది అక్కడే. ‘మాయాబజార్’ను వాళ్లు ఈనాటికీ తెరలు, తీగలు, హార్మోనియంతో ఆడుతున్నారు.