డెల్టా–నాచ్ సంకేతాలు: పార్శ్వ నిరోధపు గణిత నమూనా

కణజాలంలో ఒక కణం ప్రత్యేక రూపాన్ని సంతరించుకుంటూ, తనను ఆనుకొని ఉన్న కణాలు అదే రూపం పొందకుండా ఆపడాన్ని పార్శ్వ నిరోధం అంటారు. డ్రోసోఫిలా ఈగ ఒంటిమీది స్పర్శ రోమాలు ఎడంగా మొలవడంలోనూ, సకశేరుకాల లోపలి చెవిలో రోమకణాల చుట్టూ ఆధార కణాలు అమరడంలోనూ దీని పాత్ర ఉంది.

ఈ సంకేతం తాకిడి వల్లనే అందుతుంది. ఒక కణపు పొర మీది డెల్టా ప్రొటీన్ పొరుగు కణపు నాచ్ గ్రాహకాన్ని పట్టుకోగానే నాచ్ తెగి, దాని లోపలి ముక్క కేంద్రకానికి చేరి జన్యువుల పనిని మారుస్తుంది. ఫలితంగా ఆ పొరుగు కణంలో డెల్టా తయారీ తగ్గుతుంది.

జోఆన్ కోలియర్, నికొలస్ మాంక్, ఫిలిప్ మైని, జూలియన్ లూయిస్ 1996లో ప్రకటించిన నమూనా ఈ వ్యవహారమంతటినీ కణానికి రెండేసి అవకలన సమీకరణాలలో ఇమిడ్చింది. పొరుగు కణాల సగటు డెల్టా పెరిగేకొద్దీ నాచ్ చైతన్యం పెరుగుతుందని మొదటిదీ, సొంత నాచ్ పెరిగేకొద్దీ డెల్టా తయారీ తగ్గుతుందని రెండవదీ చెబుతాయి. రెండూ కాలక్రమంలో క్షీణిస్తాయి. కణాలన్నీ ఒకే తీరున ఉండే సమతాస్థితి ఈ సమీకరణాలకు ఎప్పుడూ ఉంటుంది గాని, అది నిలుస్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. రెండు కణాలే ఉన్నప్పుడు, ఆ స్థితి దగ్గర పై రెండు సంబంధాల వాలుల లబ్ధం −1 కంటే తక్కువైతే అది అస్థిరమై, ఒక కణంలో యాదృచ్ఛికంగా డెల్టా రవ్వంత ఎక్కువైనా చాలు, ఆ తేడా పెరిగి పెరిగి రెండు కణాలూ వేరు దారులు పడతాయి. షడ్భుజాకార కణాల పలకలో ఆ హద్దు −2. అక్కడ డెల్టా అధికంగా ఉన్న కణం చుట్టూ ఆరు నాచ్ కణాలు నిలిచే అమరిక ఏర్పడగలదు. ముందుగా ఏ కణానికీ గుర్తు పెట్టకుండానే క్రమం పుడుతుందని ఇంత తక్కువ సరంజామాతో చూపడమే ఈ నమూనా గొప్పతనం.

అయితే ఈగ వీపు మీది రోమాల మధ్య ఒకటి కాదు, అనేక కణాల ఎడం ఉంటుంది. ఆనుకొన్న కణాలకే పరిమితమైన సమీకరణాలు దాన్ని వివరించలేవు. కణాలు చాచే సన్నని పోగులు దూరపు కణాలను తాకి డెల్టాను అందిస్తాయన్న పరిశీలనలు 2010లో వెలువడ్డాక, పొరుగు అన్న భావననే ఆ పోగుల పొడవు మేరకు విస్తరించిన నమూనాలు వచ్చాయి. అదే ఏడాది, ఒకే కణంలోని డెల్టా, నాచ్ పరస్పరం నిర్వీర్యమవుతాయని ప్రయోగాలు చూపడంతో ఆ చర్యకూ సమీకరణాల్లో పదం చేరింది. దాని వల్ల సంకేతం పంపే కణానికీ, అందుకునే కణానికీ మధ్య మార్పు మరింత నిటారుగా జరుగుతుంది.