చుక్కల గడిలో తెలుగక్షరం: ధర్మవరం ప్రాంత వ్యాపార ఫలకాల పరిణామం

ఉపోద్ఘాతం

లిపి చరిత్రలో శాసనానికీ, తాళపత్రానికీ, ముద్రిత గ్రంథానికీ దక్కిన స్థానం అంగడి బోర్డుకు దక్కలేదు. అయినా పల్లె నుంచి పట్టణానికి వచ్చిన సామాన్యుడు బహిరంగంగా చదివే తెలుగులో అధిక భాగం అంగళ్ళ నుదుటనే కనిపిస్తుంది. ఏ దుకాణంలో ఏమి దొరుకుతుందో, ఎంత ధరకు దొరుకుతుందో, భోజనం సిద్ధమైందో లేదో అతనికి తెలిపేది ఆ రాతే. ఇటీవలి కాలంలో ఈ రాత రేకు మీద నుంచి, బట్ట మీద నుంచి వెలిగే చుక్కల మీదికి మారింది. ఆ మార్పులో తెలుగు లిపి ఎదుర్కొంటున్న స్థితిని ధర్మవరం ప్రాంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ధర్మవరం పట్టుచీరల నేతకు ప్రసిద్ధమైన పట్టణం. తాడిమర్రి అదే శాసనసభ నియోజకవర్గంలోని మండల కేంద్రం. దక్షిణాన పెనుకొండ, ఇంకా దిగువన కన్నడ సరిహద్దులో హిందూపురం ఉన్నాయి. పూర్వపు అనంతపురం జిల్లాకు చెందిన ఈ ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో భాగమయ్యాయి.

తెలుగునాట వ్యాపార ప్రకటన రెండు పాయలుగా సాగింది. ఒకటి నిలిచి ఉండే రాత, రెండవది పూటపూటకూ మారే మాట. డిజిటల్ ఫలకం ఈ రెండింటినీ ఒకచోట చేర్చింది. తెలుగు హక్కును కాపాడవలసిన నిబంధన మొదటి పాయను మాత్రమే ఉద్దేశించింది. చవక ఫలకాల నిర్మాణమేమో రెండవ పాయలో తెలుగుకు చోటును కుదించింది. సమస్య మూలం ఇక్కడ ఉంది.

నిలిచే రాత

అందరికీ కనిపించే చోట అక్షరాన్ని నిలబెట్టడం రాయలసీమకు కొత్త కాదు. పూర్తిగా తెలుగులో వెలసిన తొలి శాసనంగా పరిగణించే కలమళ్ళ శాసనం సుమారు సా.శ. 575 నాటి రేనాటి చోళులది. అది నేటి కడప జిల్లాలోనిది. వ్యాపారులనే ఉద్దేశించిన బహిరంగ రాతకు కాకతీయ గణపతిదేవుని 1244 నాటి మోటుపల్లి శాసనం గొప్ప ఉదాహరణ. ఓడలు దెబ్బతిని సరకు తీరానికి కొట్టుకువస్తే దానిని రాజు స్వాధీనం చేసుకోడన్న అభయమూ, సుంకాల వివరమూ అందులో ఉన్నాయి. వర్తకులను రేవుకు రప్పించడమే దాని ప్రయోజనం. ఆ దృష్టితో చూస్తే దానిని పాలకుడు వర్తకలోకానికి చేసిన ప్రకటనగా కూడా భావించవచ్చు.

శాసనంలోని అక్షరానికి మార్పు ఉండదు. చెక్కినది తరతరాలు నిలవాలన్నదే చెక్కించినవాని సంకల్పం. దుకాణం పేరు పలక ఈ కోవకు చెందినది. యజమాని పేరు, కులదైవం పేరు, స్థాపించిన సంవత్సరం వంటివి అందులో నిలకడగా ఉంటాయి.

మారే మాట

రెండవ పాయ నోటిమాటతో ఆరంభమైంది. టముకు, దండోరా, సంతలో అరుపు దీని తొలి రూపాలు. పూటకూటి ఇంటికి తెలుగు సాహిత్యంలో చక్కని సాక్ష్యం క్రీడాభిరామంలో లభిస్తుంది. ఓరుగల్లు వీధులలో తిరిగే మంచనశర్మ, టిట్టిభసెట్టి సంభాషణలో ఒక రూకకు దొరికే భోజనం, అందులోని పదార్థాలు, అది దొరికే లక్ష్మణవజ్ఝల ఇల్లు వర్ణితమయ్యాయి. ఇంటివాని పేరు, వెల, వంటకాల పట్టిక అనే మూడూ అక్కడ ఉన్నాయి. నేటి భోజనశాల ప్రకటన చెప్పేవి కూడా ఇవే. అయితే కావ్యంలో ఆ సమాచారాన్ని మోసినది ఫలకం కాదు, తెలిసినవాని నోరు.

ఆధునిక కాలంలో ఈ నోటిమాట నల్లబల్ల మీదికి ఎక్కింది. ఆనాటి వంటకాలను సుద్దముక్కతో రాయడం, వంట పూర్తయ్యాక ‘భోజనం తయారు’ అనో ‘మీల్స్ రెడీ’ అనో పలకను వాకిట వేలాడదీయడం దక్షిణ భారత హోటళ్ళలో చిరపరిచితమైన ఆచారాలు. పలక వేలాడితే భోజనం ఉన్నట్లు, తీసివేస్తే అయిపోయినట్లు. సమయాన్ని బట్టి సందేశాన్ని మార్చడం డిజిటల్ ఫలకం ప్రత్యేకతగా నేడు చెప్పుకుంటున్నారు. దాని వెనుక ఉన్న అవసరం పాతదేనని ఈ ఆచారాలు రుజువు చేస్తున్నాయి.

కుంచె నుంచి ఫ్లెక్సీకి

పేరు పలకలను చాలాకాలం బోర్డులు రాసే చిత్రకారులే తీర్చారు. రేకు మీద రంగు పూసి, సుద్దతో గీతలు కొట్టి, ఉన్న స్థలానికి తగినట్లు అక్షరాన్ని సాగదీయడం, కుదించడం వారి విద్య. వత్తుకు చోటు చాలకపోతే పై పంక్తిని కొంచెం పైకి జరిపేవారు. గుడి పక్క అక్షరానికి తగులుతుంటే దానిని వంచేవారు. లిపి స్వభావాన్ని బట్టి స్థలాన్ని సవరించే వెసులుబాటు కుంచెకు ఉంది.

21వ శతాబ్ది తొలి దశాబ్దంలో ఫ్లెక్సీ ముద్రణ విస్తరించడంతో ఈ వృత్తి క్షీణించింది. ఫ్లెక్సీ దుకాణాలలో ‘అను’ వంటి ఖతులు రాజ్యమేలాయి. అక్షరం చేతి నుంచి కంప్యూటరుకు మారినా, ముద్రణలో బిందువులు అతి సూక్ష్మమైనవి గనుక లిపికి నష్టం కలగలేదు. నష్టం కలిగింది వైవిధ్యానికి. ఊరికొక చేతివాటం ఉన్నచోట అన్ని ఊళ్ళకూ ఒకే ముఖం వచ్చింది. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించింది. నవంబరు 1 నుంచి అమలు కావలసిన దానిని 2023 జనవరి 26కు వాయిదా వేసింది. పర్యావరణ దృష్టితో వచ్చిన ఆ ప్రకటన ఫ్లెక్సీకి ప్రత్యామ్నాయం ఏమిటన్న ప్రశ్నను చిన్న వ్యాపారుల ముందుంచింది. అప్పటికే అందుబాటులో ఉన్న సమాధానాలలో ఎల్‌ఈడీ బోర్డు ఒకటి.

పదహారు వరుసల గడి

వెలుగుతో ప్రకటించడం ప్రపంచానికి శతాబ్దం నాటి అనుభవం. జార్జ్ క్లోడ్ 1910లో పారిస్‌లో నియాన్ దీపాన్ని ప్రదర్శించాడు. 1928లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో బల్బుల వరుస మీద వార్తలు కదిలాయి. 1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రని ఎల్‌ఈడీని రూపొందించాడు. 1990ల ఆరంభంలో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ సాధ్యమై అన్ని రంగుల తెరలకు దారి తీసింది. ఆ కృషికే 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

చిన్న అంగళ్ళ ముందు అక్షరాలు పరుగెత్తే బోర్డులలో ఎక్కువగా వాడేది ‘పీ10’ అనే పలక. చుక్కకూ చుక్కకూ నడుమ 10 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. ఒక్కొక్క పలకలో అడ్డంగా 32, నిలువుగా 16, మొత్తం 512 చుక్కలుంటాయి. ఇటువంటి పలకలను పక్కపక్కన చేర్చితే బోర్డు పొడవు పెరుగుతుంది గాని ఎత్తు 16 వరుసలకు మించదు.

రోమన్ లిపిలోని పెద్దక్షరానికి 7 వరుసల ఎత్తు చాలు. 5 నిలువు వరుసలు, 7 అడ్డు వరుసల గడి ఆ లిపికి చిరకాలంగా ప్రమాణం. తెలుగు అక్షర నిర్మాణం వేరు. నడుమ హల్లు దేహం, పైన తలకట్టు, గుడి, ఏత్వం వంటి గుర్తులు, కింద వత్తులు కలసి మూడు అంతస్తులుగా ఉంటుంది. ఈ ప్రాంతపు ఊరి పేర్లే దీనికి చాలిన ఉదాహరణలు. ‘హిందూపురం’, ‘పెనుకొండ’ అన్న మాటలలో కింది అంతస్తుకు దిగే వత్తు లేదు. ‘ధర్మవరం’లో మకార వత్తు కిందికి దిగుతుంది. ‘తాడిమర్రి’లోని చివరి అక్షరానికి పైన గుడి, నడుమ రేఫ, కింద మరొక రేఫ వత్తు అవసరం. 16 వరుసలను మూడు అంతస్తులకు పంచి, అంతస్తుల నడుమ ఖాళీ వదిలితే హల్లు దేహానికి మిగిలేది అయిదారు వరుసలు మాత్రమే.

ఈ ఇరుకులో అక్షరం చదవడానికి కష్టమవుతుంది, కొన్నిచోట్ల వేరొక అక్షరంగా మారుతుంది. ‘ద’కూ ‘ధ’కూ భేదం కింద ఉండే చిన్న గీత. ఆ గీత ఒక్క చుక్కగా కుదించుకుపోయి, ఆ చుక్క వెలగకపోతే ‘ధర’ ‘దర’ అవుతుంది. వ్యాపారంలో అతి ముఖ్యమైన మాటకే ఈ ప్రమాదం ఉండడం గమనార్హం. ‘ప’, ‘ష’ వంటి జంటలలోనూ ఒక లోపలి గీతే భేదం. కదిలే బోర్డులో పాఠకుడు ఆగి పరిశీలించే వీలు లేదు గనుక ఈ లోపం మరింత బాధిస్తుంది. ఇక 16 వరుసలలో సులభంగా ఇమిడే ‘ఓపెన్’, ‘వెల్‌కమ్’, ‘ఆఫర్’ వంటి మాటలను ఆంగ్ల లిపిలోనే పెట్టడం దుకాణదారుకు తేలిక. ఇక్కడ ఆంగ్లాన్ని ఎంచుకోవడంలో భాషాభిమాన లోపం కంటే వరుసల సంఖ్య పాత్రే ఎక్కువ.

పెద్ద వస్త్రాలయాలలోని తెరలకూ, భోజనశాలలో వంటకాల పట్టిక చూపే టీవీలకూ ఈ ఇబ్బంది వర్తించదు. 1080 వరుసల తెర మీద ఏ సంయుక్తాక్షరమైనా స్పష్టంగా నిలుస్తుంది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు స్థానం లభించింది. ఆ తరువాత ఉచిత యూనికోడ్ ఖతులూ అందుబాటులోకి వచ్చాయి. కాబట్టి ఖరీదైన తెర మీద తెలుగు లేకపోతే దానికి కారణం సాంకేతికత కాదు, తయారుగా దొరికే ఆంగ్ల నమూనాలను యథాతథంగా వాడే అలవాటు. చవక బోర్డు సమస్య, ఖరీదైన తెర సమస్య వేరువేరని గుర్తించకుండా పరిష్కారం ఆలోచించలేము.

మగ్గం చెప్పే పాఠం

గడులలో రూపాన్ని నింపే విద్య ధర్మవరానికి తెలియనిది కాదు. జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో ఫ్రాన్సులో రూపొందించిన యంత్రం ఇక్కడి మగ్గాల మీద కూడా ఉంది. చీర కొంగు మీది నెమలిని ముందు గ్రాఫు కాగితం మీద గడిగడిగా నింపుతారు. దానిని బట్టి అట్టలకు రంధ్రాలు చేస్తారు. ఏ పేక పోగు దాటేటప్పుడు ఏ పడుగు పోగు పైకి లేవాలో ఆ రంధ్రాలు నిర్ణయిస్తాయి. గడి నిండితే పోగు లేస్తుంది. ఎల్‌ఈడీ బోర్డులో గడి నిండితే చుక్క వెలుగుతుంది. రెండింటి తర్కమూ ఒకటే.

ధర్మవరం నేత కళాకారుడొకరు ‘జై శ్రీరామ్’ అన్న నామాన్ని 13 భారతీయ భాషలలో 60 మీటర్ల పట్టువస్త్రం మీద నేశారు. శకారానికి రేఫ వత్తు, పైన దీర్ఘపు గుడి గల ‘శ్రీ’ ఆ గడులలో చెదరకుండా నిలిచింది. పోగుల సంఖ్యను రూపానికి తగినట్లు ఎంచుకోవడమే అందుకు కారణం. ముందు గడిని నిర్ణయించి రూపాన్ని అందులో ఇరికించడం నేతగాని పద్ధతి కాదు. రూపాన్ని బట్టి గడిని నిర్ణయించడం అతని పద్ధతి. వ్యాపార ఫలకం నేర్చుకోవలసిన పాఠం ఇదే.

నిబంధన, సరిహద్దు

1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం కింద 1990లో వచ్చిన నియమాలు ప్రతి సంస్థ పేరు పలకా తెలుగులో ఉండాలనీ, ఇతర భాషలు వాడితే అవి తెలుగు కింద ఉండాలనీ, తెలుగుకు ఎక్కువ స్థలం ఇవ్వాలనీ నిర్దేశించాయి. హిందూపురానికి అవతల కర్ణాటకలో 2024 చట్ట సవరణ నామఫలకాలలో 60 శాతం కన్నడం ఉండాలన్నది. రెండు చోట్లా నిబంధన కొలిచేది స్థలాన్నే. రాత నిశ్చలంగా ఉన్నప్పుడు ఆ కొలత సరిపోతుంది. ఒకే స్థలంలో పది సందేశాలు ఒకదాని తరువాత ఒకటి వచ్చేచోట కొలవవలసినది కాలాన్ని. పేరు తెలుగులో నిలిచి, ధరలూ తగ్గింపులూ వంటకాలూ ఆంగ్లంలో పరుగెత్తితే నియమం అక్షరాలా అమలైనట్లే. అయినా కొనుగోలుదారుకు పనికివచ్చే సమాచారం మాత్రం తెలుగులో ఉండదు. కన్నడ లిపి కూడా వత్తులతో అంతస్తులుగా నిర్మితమైనదే గనుక ఈ సమస్య రెండు భాషలకూ ఉమ్మడిది.

ముగింపు

శిలలో తెలుగు నిలిచే రాతగా స్థిరపడింది. నోటిమాటలో, నల్లబల్ల మీద మారే మాటగా బతికింది. డిజిటల్ ఫలకం మీద తొలి హోదా నియమం వల్ల మిగిలి, రెండవది 16 వరుసల ఇరుకులో జారిపోతున్నది. రెండు పలకలను ఒకదాని కింద ఒకటి అమర్చితే 32 వరుసల ఎత్తు వస్తుంది. అప్పుడు ‘తాడిమర్రి’ చివరి అక్షరానికి మూడు అంతస్తులూ దక్కుతాయి. దానికయ్యే అదనపు ఖర్చు ఒక వరుస పలకలది. తక్కువ వరుసలలో సంయుక్తాక్షరాలను స్పష్టంగా చూపే చుక్కల ఖతిని రూపొందించడం లిపి పరిశోధకులు చేపట్టదగిన పని. నియమాలను సవరించినప్పుడు పేరుతోపాటు మారే సందేశాన్ని కూడా ప్రస్తావించడం పాలకులు చేయవలసిన పని. ఈ రెండూ జరిగితే తాడిమర్రి నుంచి ధర్మవరం వచ్చిన కొనుగోలుదారు ధరను తన లిపిలోనే చదువుకోగలుగుతాడు.