ఎల్లింగ్టన్ వాద్యబృందం, అమెరికా దౌత్యం

1963 సెప్టెంబరు 15న అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో నల్లజాతీయుల చర్చిలో శ్వేత దురహంకారులు పెట్టిన బాంబు నలుగురు బాలికలను బలిగొన్నది. సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే జాతి బిడ్డ డ్యూక్ ఎల్లింగ్టన్ అమెరికా విదేశాంగ శాఖ పంపగా తన జాజ్ బృందంతో ఆసియాలో పర్యటిస్తున్నారు. కాబూల్, ఢిల్లీ, హైదరాబాద్, మద్రాసు, బొంబాయి, కలకత్తా, లాహోర్, కరాచీ ఆ యాత్రలోని మజిలీలు.

వర్ణవివక్షను సోవియట్ ప్రచారయంత్రం అంతర్జాతీయ వేదికలపై ఎండగడుతున్న కాలమది. పాకిస్తాన్ అప్పటికే అమెరికా సైనిక కూటముల్లో ఉన్నది. చైనా యుద్ధం గాయం మానని భారత్‌ను మచ్చిక చేసుకోవలసి ఉన్నది. 1956లో డిజీ గిలెస్పీతో మొదలైన జాజ్ దౌత్యానికి అసలు కారణం కళాభిమానం కాదు. 1957లో లిటిల్‌రాక్ ఘటనపై ఆగ్రహించి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ సోవియట్ యాత్రకు ససేమిరా అన్నారు. ఎల్లింగ్టన్ వెళ్ళారు. అంతమాత్రాన ఆయనను ప్రభుత్వ భజనపరుడనడం అన్యాయం.

1899లో వాషింగ్టన్‌లో పుట్టిన ఆయనకు పేరు తెచ్చినది న్యూయార్క్‌లోని కాటన్ క్లబ్. 1927లో అక్కడ కుదిరారు. వేదికపై నల్లవారు, బల్లల ముందు తెల్లవారు. అదీ ఆ క్లబ్ నీతి. కానీ అక్కడి నుంచి రేడియో మోసుకుపోయిన సంగీతానికి గోడలు లేవు. 1930లలో దక్షిణాది పర్యటనల్లో, వివక్ష పాటించే హోటళ్ళ గడప తొక్కనవసరం లేకుండా బృందానికంతటికీ ప్రత్యేక రైలు పెట్టెలు కుదుర్చుకునేవారు. ఉపన్యాసం కాదు, ఏర్పాటు. ఆయన రాజకీయం చాలావరకు ఇదే తీరు. 1943లో కార్నెగీ హాలులో వినిపించిన ‘బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్’ నల్లజాతి చరిత్రకు స్వరరూపం. ఆసియా యాత్రకు కొద్ది వారాల ముందు షికాగోలో ‘మై పీపుల్’ ప్రదర్శించారు.

ఆయన వాయిద్యానికి కాక వాయించే మనిషికి రాసేవారు. జానీ హాడ్జెస్ శాక్సఫోన్ పలికే తీరు తెలిసే అతనికి స్వరం కట్టేవారు. బిగ్ బ్యాండ్ల కాలం ముగిశాక కూడా, తన పాటల రాయల్టీతో జీతాలిచ్చి బృందాన్ని నిలుపుకున్నారు.

ఢిల్లీలో ఆయన జబ్బుపడి ఆసుపత్రి పాలైతే సహచరుడు బిల్లీ స్ట్రేహార్న్ పియానో ముందు కూర్చున్నారు. అంకారాలో ఉండగా కెనెడీ హత్య వార్త రావడంతో మిగతా యాత్ర రద్దయింది. దాని ఫలమైన ‘ఫార్ ఈస్ట్ స్వీట్’ 1967లో వెలువడింది. అందులో ఆగ్రా ఉన్నది, ఢిల్లీ గోరువంక ఉన్నది. పశ్చిమాసియాను, భారత్‌ను దూరప్రాచ్యమనడం ఏ భూగోళమో గానీ, ఆ గోరువంకను పలికించిన క్లారినెట్‌లో మాత్రం భారతీయ సంగీతానికి అనుకరణ లేదు.

1965లో పులిట్జర్ సంగీత న్యాయనిర్ణేతలు ఎల్లింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం సిఫారసు చేస్తే బోర్డు తోసిపుచ్చింది. నిర్ణేతల్లో ఇద్దరు రాజీనామా చేశారు. 1969లో నిక్సన్ శ్వేతసౌధంలో స్వాతంత్ర్య పతకం అందించారు. 1971లో ఆయన బృందం సోవియట్ యూనియన్‌కూ వెళ్ళింది. 1974లో ఆయన కన్నుమూశారు. పులిట్జర్ బోర్డు ప్రత్యేక పురస్కారం ప్రకటించినది 1999లో, శతజయంతి సంవత్సరంలో.