మరిచిపొమ్మన్న చట్టం

శామ్యూల్ పీప్స్ డైరీలో 1660 నవంబర్ 1 నాటి పేజీ దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. ఆ రోజు భోజనాల దగ్గర అతనికి పాత బడి స్నేహితుడొకడు తగిలాడు. చిన్నప్పుడు నువ్వు పార్లమెంటు పక్షానికి వీరాభిమానివి కదా అని గుర్తుచేశాడు. పీప్స్ హడలిపోయాడు. 1649 జనవరి 30న మొదటి చార్లెస్ తల నరికినప్పుడు పీప్స్‌కి పదిహేనేళ్ళు. ఈ రాజు మీద నేను ప్రసంగం చెయ్యాల్సొస్తే, దుర్మార్గుల పేరు కుళ్ళిపోతుందనే బైబిల్ మాట ఎత్తుకుంటానని ఆ రోజు అన్నాడు. ఆ సంగతి కూడా ఇతనికి గుర్తుందేమోనని భయం. తీరా చూస్తే ఆ స్నేహితుడు అంతకుముందే బడి వదిలి వెళ్ళిపోయాడట. గండం గడిచింది.

ఇప్పుడు పీప్స్ నౌకాదళ కార్యాలయంలో పెద్ద ఉద్యోగి. యజమాని ఎవరు? ఆ చచ్చిపోయిన రాజు కొడుకే. రెండో చార్లెస్‌ని హాలండ్ నుంచి తీసుకొచ్చిన ఓడల్లో పీప్స్ కూడా ఉన్నాడు. రాజు ఎక్కిన ఓడ పేరు అప్పటిదాకా 'నేస్‌బీ'. 1645లో అతని తండ్రి సైన్యం చిత్తుగా ఓడిపోయిన ఊరు అది! ఆ పేరు చెరిపేసి 'రాయల్ చార్లెస్' అని పెట్టారు. దేశం మొత్తానికీ అదే పని చెయ్యాలనుకున్నారు.

అదే ఏడాది ఆగస్టులో వచ్చిన చట్టం పేరులోనే క్షమాపణతో పాటు మరుపు కూడా ఉంది. యుద్ధకాలపు నేరాలు మాఫీ. అంతేకాదు, మూడేళ్ళ పాటు పాత గొడవలు గుర్తొచ్చేలా ఎవరైనా ఎవరినైనా దురుద్దేశంతో దెప్పిపొడిస్తే జరిమానా. పెద్దింటివాడైతే 10 పౌండ్లు, అంతకన్నా కిందివాడైతే 40 షిల్లింగులు. తిట్టుకి కూడా అంతస్తుని బట్టి రేటన్నమాట.

మరుపు అందరికీ సమానంగా దొరకలేదు. రాజుని చంపించినవాళ్ళని మినహాయించారు. అక్టోబర్‌లో థామస్ హారిసన్‌ని చేరింగ్ క్రాస్ దగ్గర ముక్కలు చేస్తుంటే పీప్స్ వెళ్ళి చూశాడు. పదకొండేళ్ళ కిందట రాజు తల తెగడమూ చూసినవాడే. 1661లో, సరిగ్గా జనవరి 30నే, క్రామ్‌వెల్ శవాన్ని తవ్వి తీసి ఉరి వేశారు, తల నరికి వెస్ట్‌మిన్‌స్టర్ హాల్ మీద గుచ్చారు. రాజు తల తియ్యడం న్యాయమేనని రాసిన మిల్టన్ మాత్రం కొన్నాళ్ళు జైల్లో ఉండి బయటపడ్డాడు. ఆయన పుస్తకాలే కాలాయి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది రాజభక్తుల కథ. ప్రభుత్వం జప్తు చేసి అమ్మిన భూములు చాలావరకు తిరిగొచ్చాయి. కానీ రాజు పక్షాన నిలిచినందుకు పార్లమెంటు వేసిన జరిమానాలు కట్టలేక, తమ భూముల్ని తామే అమ్ముకున్నవాళ్ళకి ఏమీ రాలేదు. సంతకం నీదే కదా అంది చట్టం. క్షమ రాజు శత్రువులకి, మరుపు రాజు మిత్రులకి అని వాళ్ళు ఎత్తిపొడిచారు. ఇక పార్లమెంటు తరఫున పోరాడి కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న సిపాయిల పింఛన్లు ఆగిపోయాయి. 1662 చట్టం రాజు సిపాయిలకే సాయం ఇచ్చింది.

బడిపిల్లాడి మాట నేరమేమీ కాదు, పీప్స్‌ని ఏ కోర్టూ పిలిచేది కాదు. అతని భయమంతా నలుగురూ ఏమనుకుంటారోనని. విన్న స్నేహితుడు లేడు గనక ఆ మాట అక్కడితో పోయేదే. ఇంటికొచ్చి తనే రాసుకున్నాడు, షార్ట్‌హ్యాండ్‌లో.