ఫిసల్‌బండ నుండి బేగంపేటకు: నిజామియా వేధశాల – నక్షత్ర ఛాయాగ్రహణం

వ్యాస సంగ్రహం:
హైదరాబాద్ పాతనగరంలో ఒక నవాబు అభిరుచిగా మొదలైన నిజామియా వేధశాల అంతర్జాతీయ నక్షత్రపట నిర్మాణంలో భాగస్వామి అయిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ కృషికి మూలాధారం పోషణ ఒక్కటే కాదని, తరాల తరబడి సాగిన సంస్థాగత శ్రమ అని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నిజామియా వేధశాల, ఫిసల్‌బండ, జఫర్ జంగ్, ఆస్ట్రోగ్రాఫిక్ క్యాటలాగ్, గాజు పలకలు.

1. ప్రవేశిక:
పైగా వంశీయుడైన నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండులో 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని కొని, 1901లో ఫిసల్‌బండలో వేధశాలను నెలకొల్పాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టాడు. 1907లో ఆయన మరణించగా, 1908లో ప్రభుత్వం వేధశాలను స్వాధీనం చేసుకుంది. తొలి సంచాలకుడు ఆర్థర్ చాట్‌వుడ్ కాలంలో అది బేగంపేటకు తరలింది. ఈ తరలింపు స్థలమార్పు మాత్రమే కాదు. వ్యక్తిగత అభిరుచి రాజ్యబాధ్యతగా మారిన సందర్భం.

2. ఆకాశ విభజన – హైదరాబాద్ స్థానం:
1887లో పారిస్ సమావేశం ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలలో నమోదు చేయ సంకల్పించి, క్రాంతి మండలాలుగా విభజించి వివిధ వేధశాలలకు అప్పగించింది. తొలుత శాంటియాగోకు కేటాయించిన దక్షిణ 17–23 డిగ్రీల మండలం తరువాత హైదరాబాదుకు దక్కింది. దీనికి భౌగోళిక హేతువు స్పష్టం. ఈ మండలంలోని నక్షత్రాలు పారిస్ నుండి చూస్తే మధ్యాహ్న రేఖ వద్ద సుమారు 20 డిగ్రీల ఎత్తులోనే ఉంటాయి. హైదరాబాదులో 50 నుండి 55 డిగ్రీల ఎత్తుకు చేరతాయి. వానాకాలపు మబ్బులు తొలగిన శీతకాలమే పనికి అనుకూలం. డిసెంబరు అర్ధరాత్రి లుబ్ధకుని సమీపంలోని శశక రాశి నక్షత్రాలు ఈ మండలంలోనే మధ్యాహ్న రేఖను దాటుతాయి.

3. గాజు పలకపై శ్రమ:
హైదరాబాదులో 8 అంగుళాల కుక్ ఛాయాగ్రాహక దూరదర్శినిని వినియోగించారు. పథకపు ప్రమాణం ప్రకారం 16 సెంటీమీటర్ల చదరపు గాజు పలకపై రెండు డిగ్రీల ఆకాశం, అంటే నిండు చంద్రుని వెడల్పుకు నాలుగింతలు, నమోదు కావాలి. పలకపై ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళకు సమానం. కనుక భూభ్రమణాన్ని అనుసరించి యంత్రం తిరగకపోతే, నాలుగు సెకన్లకే నక్షత్రబింబం సుమారు ఒక మిల్లీమీటరు జరిగి గీతగా మారుతుంది. నిమిషాల తరబడి కన్నార్పక యంత్రాన్ని నడపవలసిందే. ఛాయాచిత్రం తీయడంతో పని ముగియదు. ఐదు మిల్లీమీటర్ల గళ్ల చట్రం ఆధారంగా ఒక్కొక్క బింబాన్నీ సూక్ష్మదర్శినితో కొలిచి అంకెలుగా రాయాలి.

రాబర్ట్ పోకాక్ (1914–18), టి.పి. భాస్కరన్ (1918–44) సంచాలకులుగా ఈ కార్యం కొనసాగింది. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలోకి వచ్చింది. పాట్స్‌డామ్ అసంపూర్తిగా వదిలిన ఉత్తర 36–39 డిగ్రీల భాగాన్నీ హైదరాబాదే చేపట్టింది. 1917 నుండి 1946 వరకు 12 సంపుటాలు వెలువడ్డాయి. వాటిలోని నక్షత్రాలు ఏడు లక్షలకు పైబడినవి.

4. ఉపసంహారం:
చరిత్ర రచనల్లో నవాబు, సంచాలకుల పేర్లే నిలిచాయి. రాత్రంతా యంత్రాన్ని నడిపినవారు, పగలంతా కొలతలు తీసినవారు మరుగునపడ్డారు. అయితే వారి అంకెలు మరుగునపడలేదు. 2000లో వెలువడిన టైకో-2 సూచికలో సుమారు 25 లక్షల నక్షత్రాల స్వీయచలనాన్ని నిర్ణయించడానికి, ఉపగ్రహ పరిశీలనలతో పాటు హైదరాబాద్ సహా ఈ పథకంలోని పాత స్థానాలు ఆధారమయ్యాయి. ఏ ఉపగ్రహమూ నాటి ఆకాశాన్ని మళ్లీ చిత్రించలేదు.

1968లో 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా జాపాల్–రంగాపూర్‌లో నెలకొల్పారు. ఫిసల్‌బండ నేడు జనసాంద్రమైన ప్రాంతం. ఈ స్థితిలో పలకలను, రాతప్రతులను పరిరక్షించడమంటే ఒక కట్టడాన్ని కాపాడటం కాదు. తిరిగి పొందలేని ఆకాశ సాక్ష్యాన్ని కాపాడటం. పాతనగర చరిత్రలో మీనార్ల సరసన ఈ వేధశాలకూ స్థానం దక్కాలి.