చాటెడు తవుడు

మా తాత పేరు పెంటయ్య. పుట్టింది హైదరాబాద్ గౌలిపురాలో. ఏ సంవత్సరమని అడిగితే "తుగ్యానీ వచ్చిన మరుసటేడు" అనేవాడు. తుగ్యానీ అంటే వరద. మూసీ పొంగి పట్నాన్ని ముంచింది 1908 సెప్టెంబరు 28న. ఆ లెక్కన తాత 1909 మనిషి.

ఆయనకు ముందు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారట. మూడో బిడ్డ పుట్టగానే మంత్రసాని చాటలో పెట్టుకెళ్లి పెంటకుప్ప మీద ఉంచింది. పక్కింటామె "ఎవరి బిడ్డో దొరికింది" అంటూ ఎత్తుకొచ్చింది. మా ముత్తవ్వ ఆమెకు చాటెడు తవుడిచ్చి తన బిడ్డను తానే కొనుక్కుంది. పారేసిన దాని మీద చావు కన్ను పడదని నమ్మకం. అందుకే తెలుగునాట ఇన్ని పేర్లు: కుప్ప మీద వేస్తే పెంటయ్య, పెంటమ్మ, తవుడిచ్చి కొంటే తవుటయ్య, ఎంగిలి విస్తరి మీద పొర్లిస్తే పుల్లయ్య, పుల్లమ్మ.

అంతటితో ముత్తవ్వ భయం తీరలేదు. రెండో కొడుకు కోసం దబీర్‌పురాలో బీబీకా అలావాకు మొక్కింది. అక్కడి అలంకు, అంటే పీరుకు, దట్టీ గుడ్డ కట్టి, మలీద ప్రసాదం పంచి, వాడికి హుస్సేనయ్య అని పెట్టింది. మొహర్రం పదోనాడు ఆ అలం ఏనుగెక్కి చాదర్‌ఘాట్ దాకా ఊరేగుతుంటే, ఆ చిన్నతాత బతికున్నన్నాళ్లూ చెప్పుల్లేకుండా వెంట నడిచాడు. ఆఖరి ఆడపిల్లను లాల్‌దర్వాజ సింహవాహిని అమ్మవారికి అప్పజెప్పింది. ఆమె మాంకాళమ్మ. ఒకే తల్లి, మూడు గడపలు.

పాతబస్తీ బడిలో నేను ముప్పైయేళ్లు హాజరు రిజిస్టరు రాశాను. బార్కస్ మగపిల్లల పేర్లలో నడుమ 'బిన్' ఉండేది, ఫలానా వారి కొడుకని. నిజాం ఫౌజులో పనిచేయడానికి యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు వాళ్లు. బార్కస్ అంటే బ్యారక్సే. అవి తండ్రెవరో చెప్పే పేర్లు. మావి తల్లి భయం చెప్పే పేర్లు.

ఈమధ్య ఉక్రెయిన్ పేర్ల సంగతి చదివితే రెండు రకాలూ అక్కడా కనిపించాయి. తండ్రి ఇవాన్ అయితే కొడుకు పేరు పక్కన ఇవానొవిచ్, కూతురి పేరు పక్కన ఇవానివ్నా చేరతాయి. ఇక ప్రొదాన్ అని ఒక ఇంటిపేరుంది. దానర్థం 'అమ్ముడుపోయినవాడు'. జబ్బు బిడ్డను కిటికీలోంచి దారినపోయేవాడికి ఉత్తుత్తిగా అమ్మి, మళ్లీ ఇంట్లోకి తెచ్చుకోవడం అక్కడి పల్లెల్లోనూ ఉండేది. మా ముత్తవ్వ అక్కడ పుట్టినా అదే పని చేసేది.

మా బడిలో ఒకసారి ఓ పిల్లవాడు తండ్రి పేరు చెప్పడానికి సిగ్గుపడి నా చెవిలో గొణిగాడు: "పెంటయ్య సార్." మా తాతదీ అదే పేరురా అన్నాను. వాడు నమ్మలేదు.

ఇప్పుడు ఆ పేరు పెట్టేవాళ్లు అరుదు, పెట్టమని నేనూ అనను. పురిట్లో బిడ్డలు పోయే రోజులు తగ్గాయి, సంతోషం. కానీ రిజిస్టరులో పేరుకు గడి ఉంది, ఆ పేరెందుకు పెట్టారో రాసే గడి లేదు. మీ ఇంట ఒక పెంటమ్మో తవుటయ్యో ఇంకా ఉంటే, ఆ రోజు తవుడు పుచ్చుకున్న పొరుగామె ఎవరో ఇవాళే అడిగి రాసిపెట్టండి.