పడకచెంత సీసా

వెలుపలినుండి వచ్చినవారు గడప దాటుటకు మునుపు కాళ్ళు కడుగుకొనవలెనను ఆచారమును మన పెద్దలు ఎన్ని విధముల బోధించిరో నేనెరుగను గాని, వాకిటి గోలెమునిండ నీరు పోసి, పైన చెంబు నుంచుటవలననే అది తరతరములు నిలిచినదని నా నమ్మకము. ఆ గోలెమును పెరటిలోనికి మార్చినయెడల ఆచారమెన్నినాళ్ళుండెడిదో గృహస్థులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆసుపత్రులలో, విశేషించి ప్రాణాపాయస్థితిలోని రోగులనుంచు ఐ.సి.యు.లలో, హస్తశుద్ధి పూర్వచరిత్రను తిరుగవేయునపుడు నాకీ గోలెము మాటిమాటికి జ్ఞప్తికి వచ్చుచుండును. చేతులు కడుగవలెనని వైద్యులకు తెలిసి 170 ఏండ్లు దాటినది. కడుగుటకు వలసిన ద్రవ్యము వారి చేతికందునంత దూరమునకు వచ్చి మాత్రము సుమారు 30 ఏండ్లే.

కథ వియన్నా నగరమున ప్రారంభమగును. జోసెఫు చక్రవర్తి 1784లో తెరపించిన మహావైద్యశాలలో ప్రసూతిశాఖ రెండు భాగములై, మొదటిదానిలో వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానితనము నేర్చుకొను స్త్రీలును పురుళ్ళు పోయుచుండిరి. 1846లో మొదటి భాగమున నూటికి 11 మందికి మించి బాలింతలు మరణింపగా, రెండవదానిలో ఆ సంఖ్య 3కు లోపుగనే యుండెను. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను హంగేరీ దేశపు యువవైద్యుడు ఈ భేదమునకు కారణమెరుంగక పరితపించుచుండ, 1847 మార్చిలో అతని మిత్రుడు కొల్లెచ్కా, శవపరీక్షవేళ శిష్యుని కత్తి వ్రేలికి గ్రుచ్చుకొని, సూతికాజ్వర లక్షణములతోనే మృతినొందెను. పురుషునకు సూతికాజ్వరమెట్లు వచ్చెను? శవగృహమునుండి ప్రసూతిగృహమునకు విషమును మోసుకొనివచ్చుచున్నవి తమ చేతులేయని సెమ్మెల్‌వైస్ గ్రహించి, క్లోరిన్ నీటితో చేతులు కడుగుకొననిదే ఎవ్వరును లోనికి రారాదని ఆ మే నెలలో శాసించెను. ఏప్రిల్‌లో నూటికి 18గా నున్న మరణములు జూలై నాటికి ఇంచుమించు ఒకటికి దిగెను.

ఇంతవరకు అందరును చెప్పుకొనునదే. అంతగ చెప్పుకొనని విషయములు రెండు కలవు. మొదటిది వెల. క్లోరిన్ ద్రవము మిక్కిలి ఖరీదైనదగుటచే ఆయన దానిని విడిచి చౌకయైన సున్నపు క్లోరైడును, అనగా నేటికిని మన పంచాయతీవారు వానకాలమున బావులలో చల్లు బ్లీచింగు పౌడరును, వాడుక చేసెను. రెండవది కడుగుకొను తావు. ఆ అక్టోబరులో, చీము కారుచున్న గర్భాశయ క్యాన్సరుతో ఒక స్త్రీ వచ్చి వరుసలోని మొదటి పడకపై చేరెను. వైద్యులు గదిలోనికి వచ్చునపుడు క్లోరిన్‌తో కడుగుకొనిరి గాని, ఆమెను పరీక్షించి తరువాతి పడకకు పోవునపుడు కేవలము సబ్బుతో సరిపెట్టుకొనిరి. అప్పుడు పురిటికి వచ్చియున్న 12 మందిలో 11 మంది మరణించిరి. ద్వారముకడ కడుగుకొన్న చేయి పడకకడ మరల మలినమగుననియు, రోగికిని రోగికిని నడుమ కూడ శుద్ధి వలయుననియు ఆనాడు తేటపడెను. నేడు ఐ.సి.యు. పడకకు వ్రేలాడు చిన్న సీసాకు మూలము నాకా పదునొకండుగురి మరణములందే కన్పట్టుచున్నది.

పెద్దల ఆగ్రహము, ఉద్యోగభంగము, 1865లో ఉన్మాదాలయమున ఆయన మృతి అందరెరిగినవే. క్రిమిసిద్ధాంతము స్థిరపడిన పిమ్మట హస్తశుద్ధి శస్త్రవైద్యమున విధియయ్యెను గాని, కడుగు ద్రవ్యమే చేతులకు శత్రువయ్యెను. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో పాదరసలవణపు నీటికి ఒక నర్సు చేతులు పుండ్లుపడగా, హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు ఆమెకై రబ్బరు గ్లౌజులు చేయించి, పిదప ఆమెనే వివాహమాడెను. వైద్యచరిత్రలో ఇంతటి సరసమైన ఘట్టములు అరుదు.

ఐ.సి.యు. పుట్టుకయే చేతులమీద జరిగినది. 1952లో కోపెన్‌హాగెన్ నగరమున పోలియో ప్రబలి, ఊపిరి కండరములు చచ్చుపడిన రోగులకు చాలినన్ని యంత్రములు లేనివేళ, బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తుమందు డాక్టరు, గొంతుకు రంధ్రము చేసి గొట్టము దింపి, రబ్బరుసంచిని చేతితో నొక్కుచు ఊపిరి పోయవచ్చునని నిరూపింపగా, సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగ రేయింబవళ్ళు ఆ సంచులు నొక్కిరి. మరుసటియేడు డిసెంబరులో ఇబ్సెన్ అదే నగరమున ఇట్టి రోగులకు ప్రత్యేకశాల నెలకొల్పెను. నాటినుండి గొట్టములు పెరిగెను: గొంతులో నొకటి, మెడనరములో నొకటి, మూత్రమార్గమున నొకటి. ఊపిరికిని మందునకును త్రోవయైన ప్రతి గొట్టము క్రిములకును త్రోవయే గదా! ఐ.సి.యు. నర్సు గంటకు సుమారు 20 మారులు చేతులు శుభ్రపరచుకొనవలసియుండునని పరిశీలకులు లెక్కించిరి. కొళాయి మాత్రము దూరపు గోడనే అంటిపెట్టుకొనియుండెను. పండ్రెండుగురు సిబ్బందిగల ఐ.సి.యు.లో ప్రతిమారును సబ్బుతో కడుగుకొన్నచో ఒక్క పగటి డ్యూటీలో 16 గంటల పనికాలము కొళాయివద్దనే వ్యయమగుననియు, పడకచెంత ఆల్కహాలు ద్రవమున్నచో 3 గంటలు చాలుననియు 1997లో వాస్, విడ్మర్ అను ఇరువురు వైద్యులు గణించి చూపిరి. నర్సులు సోమరులని నిందించుచు వచ్చినవారు ఈ లెక్కను ముందే వేసియుండవలసినది.

ఆల్కహాలుతో చేతులు రుద్దుకొను పద్ధతి జర్మనీలో 1960 దశకమునుండియే యున్నను, దానిని లోకమునకు చాటినది జెనీవా. అచ్చటి విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో డిడియే పిట్టె అను వైద్యుడు 1994లో పరిశీలింపగా, శుద్ధి చేసికొనవలసిన సందర్భములలో నూటికి 48 మాత్రమే నెరవేరుచుండెను, ఐ.సి.యు.లలో 36. పని యెచ్చట ఎక్కువయో అచ్చటనే శుద్ధి తక్కువ! విలియం గ్రిఫిత్స్ అను ఔషధనిపుణుడు కూర్చిన ద్రవమును పడకపడకకు అమర్చి, జేబుసీసాలు పంచి, గోడలనిండ బొమ్మలపటములు అంటింపగా, 1997 నాటికి ఆ 48 కాస్త 66 అయ్యెను. ఆసుపత్రిలో సోకు వ్యాధులు నూటికి 16.9 నుండి 9.9కి తగ్గెను. వేయి రోగిదినములకు 3.5 లీటర్లుగా నున్న ద్రవపు వాడకము 15.4 లీటర్లకు పెరిగెను. నాకన్నిటికంటె విలువైనదిగ తోచునది ఈ కడపటి అంకెయే. ఏలయన పటము ఎన్నేండ్లయినను గోడపై నుండును, సీసా వాడినగాని ఖాళీ కాదు.

2009లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించిన పాళ్ళు స్థానికముగనే కలుపుకొనదగినవి: నూటికి 80 పాళ్ళు ఆల్కహాలు, 1.45 గ్లిజరిను, 0.125 హైడ్రోజన్ పెరాక్సైడు, తక్కినది నీరు. గ్లిజరిను చర్మమును కాపాడును. హాల్‌స్టెడ్ నాటి నర్సు చేతుల మొర ఆలకించుటకు నూరేండ్లు పట్టినది. పెరాక్సైడు సీసాలో దాగు బీజరూప క్రిములకై వేసినది గాని చేతులకొరకు గాదు. కంటికి కనబడు మాలిన్యమున్నపుడు సబ్బునీరే శరణ్యము గావున కొళాయికి ఉద్వాసన చెప్పరాదు.

2020 మార్చిలో కరోనా భయముతో అంగళ్ళలో ఈ ద్రవము మాయముకాగా, కేంద్రప్రభుత్వము దానిని నిత్యావసర వస్తువులలో చేర్చి, 200 మిల్లీలీటర్ల సీసా 100 రూపాయలకు మించరాదని వెల గట్టెను. చక్కెరమిల్లుల డిస్టిలరీలు దాని తయారీకి పూనుకొనెను. ఆ యేటనే ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యమునకు బదులు శానిటైజరు త్రాగి పదిమందికి పైగా మరణించుట మనమింకను మరువలేదు.

నేనొకమారు బంధువును చూడబోయిన ఒక ఆసుపత్రి ఐ.సి.యు.లో పడకపడకకు సీసా కలదు. మూడింట ద్రవము లేదు. మీకును అట్టి చోటికి పోవలసివచ్చినపుడు, రోగిని తాకుటకు మునుపు పడకకాళ్ళకడ నున్న ఆ సీసాను ఒక్కమారు నొక్కిచూడుడు. ఏమియు రానియెడల సంకోచింపక సిస్టరమ్మకు చెప్పుడు.